మన దిగువనున్న పొరుగువాడు

మూసీ నీళ్ల సంగతి సూర్యాపేట వాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. అనంతగిరి కొండల్లో పుట్టిన ఏరు హైదరాబాదు దాటేసరికి మహానగరపు మురుగంతా నెత్తికెత్తుకుంటుంది. మిషన్ భగీరథ రాకముందు ఈ పట్టణం ఏళ్ల తరబడి మూసీ ప్రాజెక్టు నీళ్లే తాగింది. ఎగువ వాళ్లకు మనం కనబడలేదని బాధపడ్డాం. అది న్యాయమైన బాధే.

యెహెజ్కేలు 34వ అధ్యాయంలో దేవుడు చెడ్డ కాపరులకే కాదు, బలిసిన గొర్రెలకూ తీర్పు తీరుస్తాడు. తాము మంచినీళ్లు తాగి, మిగిలిన నీటిని కాళ్లతో తొక్కి బురద చేశాయన్నది వాటి మీది నేరం. వెనక వచ్చే గొర్రెలకు ఆ బురదే దిక్కు. ఈ మాట చదివినప్పుడల్లా మనల్ని మనం బక్క గొర్రెలుగానే ఊహించుకున్నాం.

నిరుడు మా మందిరం సెప్టిక్ ట్యాంకు నిండింది. ట్యాంకరును పిలిచాం, డబ్బులిచ్చాం, సంఘం లెక్కల్లో రాసుకున్నాం. ఎక్కడ పారబోస్తావని మాత్రం అడగలేదు. అలాంటి బండ్లు రాత్రిపూట వాగు ఒడ్డున ఖాళీ అవుతున్నాయని తర్వాత ఒక రైతు సహోదరుడు చెప్పాడు. ఆ ఆదివారం పొరుగువాణ్ణి ప్రేమించండని ప్రసంగించడానికి మాకు నోరు రాలేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ కృష్ణా పరీవాహకంలోనివే. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లు పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర సముద్రం చేరతాయి. రైస్ మిల్లుల్లో వడ్లు నానబెట్టిన నీళ్లయినా, హైవే హోటళ్ల మురుగయినా, మన మందిరాల మోరీ అయినా శుద్ధి చేయకుండా వదిలితే నేల వాలు అటే. హైదరాబాదు మురుగు ముందు మనదెంత అంటారా? వాళ్ల లెక్క దేవుడు వాళ్లను అడుగుతాడు. దిగువ వాళ్లకు మాత్రం మనమే హైదరాబాదు.

యోబు గ్రంథం జ్ఞానం విలువ చెప్పడానికి పగడాలను పేర్కొంటుంది (28:18). పగడపు దిబ్బలు రాళ్లు కావు, కోట్లాది చిన్న ప్రాణులు కట్టుకున్న ఇళ్లు. తేట నీళ్లు, వెలుతురు ఉంటేనే అవి బతుకుతాయి. మురుగులోని నత్రజని, భాస్వరం నాచుకు ఎరువవుతాయి. నాచు పెరిగి పగడాలను కప్పేస్తుంది. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో కనోహే అఖాతానికి ఇదే గతి పట్టింది. 1977-78లో అక్కడ మురుగు గొట్టాలను మళ్లించాక నాచు తగ్గింది, పగడాలు మళ్లీ పెరిగాయి. మనుషులు దారి మార్చుకుంటే సముద్రం కూడా కోలుకుంటుంది.

కృష్ణ సముద్రంలో కలిసేచోట పగడపు దిబ్బలు లేవు. కానీ మడ అడవులున్నాయి, చేపలున్నాయి, వాటిని నమ్ముకున్న జాలరి కుటుంబాలున్నాయి. ప్రభువు మొదట పిలిచిన శిష్యులు జాలరులే కదా!

ఇశ్రాయేలీయుల దండులో మలాన్ని మట్టితో కప్పెట్టడానికి ప్రతివాడి దగ్గరా ఒక పనిముట్టు ఉండాలని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (ద్వితీ 23:12-14). దేవుడు పాళెంలో సంచరిస్తాడు కాబట్టి అది పరిశుద్ధంగా ఉండాలన్నాడు. పరిశుద్ధత ఆరాధనతోనే ముగిసిపోదు, మరుగుదొడ్డి దాకా వస్తుంది.

కాబట్టి సంఘ కమిటీలు ఈ నెలలోనే కూర్చోవాలి. ట్యాంకరు ఎక్కడ ఖాళీ అవుతుందో తెలుసుకున్నాకే డబ్బులివ్వాలి. శుద్ధి కేంద్రానికే చేర్చమని మున్సిపాలిటీని అడగాలి. సంఘంలో మిల్లులు, హోటళ్లు ఉన్నవారు ముందుగా తమ మురుగు సరిచేసుకోవాలి. అది కూడా సాక్ష్యమే.

యెహెజ్కేలు మరో దర్శనం చూశాడు (47వ అధ్యాయం). దేవాలయం గడప కింద నుంచి నీళ్లు పారాయి. అవి వెళ్లి కలిసిన ఉప్పు సముద్రం మంచినీళ్లయింది. దాని ఒడ్డున జాలరులు వలలు ఆరేసుకున్నారు. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం వెనక్కి వెళ్లి చూద్దాం. మన గడప కింద నుంచి ఏం పారుతోంది?