గ్రీన్ కార్డు వరుసలో పుట్టినూరి లెక్క

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు కువైట్, సౌదీ కొత్తవి కావు. తండ్రి గల్ఫ్ సంపాదనతో చదువుకున్న పిల్లలు ఇప్పుడు ఇంజనీర్లుగా అమెరికా చేరుతున్నారు. అక్కడ శాశ్వత నివాసం కోరేసరికి ఒక వింత ఎదురవుతుంది. ఒక ఇంట్లో అన్న మదనపల్లెలో, తమ్ముడు కువైట్‌లో పుట్టారనుకుందాం. ఇద్దరూ భారత పౌరులే, చదువూ ఉద్యోగమూ ఒకటే. అయినా ఇద్దరూ నిలబడేది వేర్వేరు వరుసల్లో.

ఎందుకంటే వరుసను నిర్ణయించేది పాస్‌పోర్టు కాదు, జన్మస్థలం. 1946 చట్టం భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా ఇచ్చింది. 1965లో జాతులవారీ కోటాలు రద్దయ్యాయి గానీ, దేశాలవారీ పరిమితి వచ్చింది. 1990 చట్టం దానిని 7 శాతంగా నిర్ణయించింది. ఉద్యోగాలపై ఏటా ఇచ్చే కార్డులు సుమారు 1,40,000. నూట నలభై కోట్ల భారత్‌కూ, నాలుగు లక్షల జనాభా అయినా లేని ఐస్లాండ్‌కూ ఒకే పరిమితి! దీని ఫలితం చూడండి: 2025 సెప్టెంబరులో ఉద్యోగ రెండవ కేటగిరీలో భారత్‌లో పుట్టినవారి వంతు 2013 జనవరి దగ్గరే ఆగి ఉంది. అత్యధిక దేశాలవారికి అది 2023 సెప్టెంబరు.

కెనడా పౌరసత్వం తీసుకుంటే వరుస తగ్గుతుందని కొందరు నమ్ముతారు. తగ్గదు. మదనపల్లెలో పుట్టినవాడు ఏ దేశ పౌరుడైనా భారత్ ఖాతాలోనే ఉంటాడు. కెనడా తన సొంత శాశ్వత నివాసానికి మాత్రం ఇలాంటి దేశాలవారీ పరిమితి పెట్టలేదు. ఈ పరిమితిని ఉద్యోగ కార్డులకు ఎత్తివేసే బిల్లును 2019లో అమెరికా ప్రతినిధుల సభ ఆమోదించింది. 2020లో సెనేట్ మరో రూపంలో ఆమోదించింది. రెండూ కలిసి చట్టం కాలేదు.

తమ్ముడి సంగతి మరీ విడ్డూరం. కువైట్ పౌరసత్వం ప్రధానంగా తండ్రి ద్వారా సంక్రమిస్తుంది కనుక అక్కడ పుట్టినందుకు అతనికి ఏమీ దక్కలేదు. తండ్రి ఇఖామా ముగిస్తే పెట్టె సర్దుకోవలసిందే. ఆ దేశం ఇవ్వని హక్కుకు అమెరికాలో విలువ వచ్చింది!

ఈ తేడా చూసి జన్మ పత్రంలో ఊరు మార్పిద్దామనే ఆలోచన రావచ్చు. అది మోసం. బయటపడితే అమెరికా ప్రవేశమే శాశ్వతంగా మూసుకుపోవచ్చు. చట్టబద్ధమైన దారి ఒకటుంది: భార్యాభర్తలలో ఒకరు గల్ఫ్‌లో పుట్టి, ఇద్దరూ కలిసి దరఖాస్తు చేస్తే, రెండో వారూ ఆ దేశం ఖాతాలోకి రావచ్చు. పిల్లల జన్మస్థలం మాత్రం తల్లిదండ్రులకు ఇలా పనికిరాదు. కనుక గల్ఫ్‌లో పుట్టిన కోడలో అల్లుడో ఉన్న ఇంట్లో ఆ దేశపు అసలు జన్మ పత్రం ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోవాలి. పిల్లలు ఇప్పుడు గల్ఫ్‌లో పుడుతుంటే, భారత పౌరసత్వం కోసం ఏడాదిలోపు మన రాయబార కార్యాలయంలోనూ నమోదు చేయించాలి.