ఘన్‌పూర్‌లో దిగే ముందు

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఘన్‌పూర్లు ఒకటికి మించి ఉన్నాయి. రైలు ఆగే ఘన్‌పూర్ కాబట్టి ఇది స్టేషన్ ఘన్‌పూర్ అయింది. పొద్దున్నే ప్లాట్‌ఫాం మీద కాసేపు నిలబడితే ఊరు దేని మీద బతుకుతోందో తెలిసిపోతుంది. సికింద్రాబాద్ బండి కోసం చూసేవాళ్లు కొందరు, కాజీపేట, వరంగల్ వైపు పోయేవాళ్లు కొందరు. జేబులో నెల పాసు, చేతిలో టిఫిన్ డబ్బా. సికింద్రాబాద్ దాకా పోయేవాళ్లకు పోను వంద కిలోమీటర్ల పైమాటే, రాను మళ్లీ అంతే. ఈ మధ్య వీళ్ల మాటల్లో ఒకటి తరచుగా వినిపిస్తోంది: "ఇంకో పదేండ్లు చేసి బంజేస్త అన్నా. నలబై ఐదు దాటినంక ఒకని కింద చెయ్య."

ఆ మాటను సోమరితనం కింద కొట్టిపారేయకూడదు. అమెరికాలో జో డొమింగెజ్ అనే ఆయన వాల్‌స్ట్రీట్ ఉద్యోగాన్ని 31 ఏళ్లకే వదిలి, పొదుపు మీద సాదాగా బతికి చూపించాడు. విక్కీ రాబిన్‌తో కలిసి 1992లో తెచ్చిన పుస్తకంలో ఆయన చెప్పిన లెక్క చాలా సూటిగా ఉంటుంది. ఒక వస్తువు కొనేటప్పుడు ఎన్ని రూపాయలని అడగొద్దు, నా ఆయుష్షులో ఎన్ని గంటలని అడగమన్నాడు. ఆఫీసులో గడిపిన గంటలకు ప్రయాణం గంటలనూ కలపమన్నాడు. రోజూ ఘన్‌పూర్ నుంచి నగరానికి వెళ్లి వచ్చే మనిషికి ఈ లెక్కను ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే బండి దిగాలంటే ఎంత కావాలి? ఇల్లు సొంతమై, అప్పు లేక, నెలకు 30 వేలతో గడిచే కుటుంబం ఒకటి అనుకుందాం. ఏడాదికి 3.60 లక్షలు. కూడబెట్టిన దాంట్లో మొదటి ఏడు నాలుగు శాతం తీసుకుని, ఆ తర్వాత ధరలకు తగ్గట్టు పెంచుకుంటూ పోతే ముప్పై ఏళ్లు గడుస్తుందని విలియం బెంగెన్ 1994లో లెక్క తేల్చాడు. ఆ ప్రకారం ఏడాది ఖర్చుకు 25 రెట్లు, అంటే 90 లక్షలు చాలు. కానీ అది అమెరికా షేర్లు, బాండ్ల చరిత్ర చూసి కట్టిన లెక్క, అదీ ముప్పై ఏళ్లకు. మనవాడు 45కి మానేసి 85 దాకా బతికితే నలభై ఏళ్లు నడవాలి. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లకు ఖర్చు రెట్టింపవుతుంది. ఇవాళ్టి 30 వేలు 57వ ఏట 60 వేలు, 69వ ఏట లక్షా 20 వేలు. అందుకే 35 రెట్లకు, అంటే కోటీ 26 లక్షలకు తక్కువైతే మానేయొద్దని మా అభిప్రాయం. ఇదే లెక్కను తిరగేసి చూస్తే ధైర్యం కూడా వస్తుంది. నెల ఖర్చు వెయ్యి తగ్గించుకోగలిగిన ఇల్లు 4.20 లక్షలు తక్కువ కూడబెట్టినా సరిపోతుంది. హైదరాబాద్ అద్దె తప్పి ఊళ్లో సొంత ఇంట్లో ఉంటే ఎంత కలిసొస్తుందో ఎవరి ఇంటి లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

మన దగ్గర ఆసరాలన్నీ ఆలస్యంగా అందుతాయని కూడా గుర్తుంచుకోవాలి. ఈపీఎఫ్ పూర్తి పింఛనుకు పదేళ్ల సర్వీసుతో పాటు 58 ఏళ్లు నిండాలి. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం పరిమితిని 2023లో 30 లక్షలకు పెంచారు, మంచిదే. కానీ దాని తలుపు మామూలుగా 60కి, ముందే విరమించినవాళ్లకు 55కి తెరుచుకుంటుంది. 2004 సెప్టెంబరు 1 తర్వాత సర్కారు కొలువులో చేరినవాళ్లకు పాత పింఛనే లేదు. 45కి మానేస్తే ఆ తలుపులు తెరుచుకునేదాకా మనిషి తన సొంత కాళ్ల మీదే నిలబడాలి.

ఉద్యోగులకు రిటైర్మెంట్ ఒక తేదీ. తెలంగాణ ప్రభుత్వం 2021లో దాన్ని 58 నుంచి 61కి జరిపితే చాలా ఇళ్లలో ఊపిరి పీల్చుకున్నారు. ఇదే జిల్లాలో ఆ తేదీ లేనివాళ్లు ఎందరో. తాటిచెట్టు ఎక్కే గౌడన్నను చూడండి. నడుముకు మోకు, పక్కన లొట్టి, పాదాలకు గుజి తాడు, ఎదురుగా గరుకు మాను. వాన పడిన మర్నాడు ఆ మాను జారుతుంది. యాభై దాటేసరికి మోకాళ్లు చాలంటాయి. అందుకే గీత, చేనేత కార్మికులకు యాభై ఏళ్లకే ఆసరా పింఛను పెట్టారు. ముందస్తు విరమణ అనే మాట మన చెవిన పడకముందే ఒళ్లు బలవంతంగా దింపేసినవాళ్లు వీళ్లు. చేతికి వచ్చేది నెలకు 2,016 రూపాయలు.

యాసంగి కోతలప్పుడు కొనుగోలు కేంద్రం దగ్గర ఆగితే ఇంకో దృశ్యం. ధాన్యం పరిచిన పట్టాల మీద డెబ్బై ఏళ్ల మనిషి చెప్పులు విడిచి, పాదాలతో చాళ్లు తీస్తూ వడ్లను ఆరబెడుతుంటాడు. అటు చివర దాకా పోయి, తిరిగి వచ్చి, మళ్లీ పోతాడు. తేమ తగ్గాలి, మబ్బు పట్టకముందే తూకం కావాలి. రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే, ఆ వయసు ఆయనకు ఏనాడో దాటింది. ఎవుసానికి రిటైర్మెంట్ ఎక్కడిదని ఆయన అంటే జవాబు చెప్పడం కష్టం. ఆయన కొడుకో మనవడో నగరంలో కూర్చుని 45కి మానేస్తానంటున్నాడు. అతను కూడబెట్టే పైసలు ముందు ఈయన కాళ్లకు విశ్రాంతినివ్వాలని మనసు కోరుకుంటుంది.

ఇంతకీ ఆర్థిక స్వాతంత్ర్యం దేనికి? ఇక్కడికి దగ్గర్లోనే పాలకుర్తి మండలంలో బమ్మెర ఉంది. పోతన అక్కడ నాగలి పట్టి బతికాడనీ, భాగవతాన్ని రాజుకివ్వనని శ్రీరాముడికి అంకితమిచ్చాడనీ తరతరాలుగా చెప్పుకుంటున్నాం. రాజు ముందు వద్దు అనడానికి భక్తితో పాటు చేను కూడా తోడుండాలి. ఆయన పని మానలేదు, ఎవరి కోసం రాయాలో తానే తేల్చుకున్నాడు. మనకు కావలసిన స్వాతంత్ర్యం ఈ రకం. 45కి కొలువు వదిలినవాడు ఊళ్లో పిల్లలకు లెక్కలు చెప్పొచ్చు, తండ్రి పొలంలో దిగొచ్చు, కొంత సంపాదించొచ్చు కూడా. పనే లేకుండా గడిపే నలభై ఏళ్లు మనిషిని తినేస్తాయి.

కూడబెట్టడం కన్నా నిలుపుకోవడం కష్టం. కొలువులో ఆఖరి రోజుతోనే మామూలుగా కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా పోతుంది. వదలకముందే, ఒంట్లో బాగున్నప్పుడే, సొంత పాలసీ తీసుకుని ఉండాలి. రెండోది చేబదులు. ఊళ్లో ఉన్నవాడి దగ్గర పైసలున్నాయని తెలిస్తే బావమరిది ఒకసారి, బాబాయి కొడుకు ఒకసారి వస్తారు. కాదనడం మనకు చేతకాదు. ఏడాదికి ఇంత అని ముందే పక్కకు తీసి, అది తిరిగి రాదనుకునే ఇవ్వాలి. మూడోది ప్లాటు. 163వ నంబరు జాతీయ రహదారి పొడవునా వెంచర్ల హద్దురాళ్లు కనిపిస్తాయి. భూమి మీద మమకారం తప్పేమీ కాదు. అయితే ఉన్నదంతా రాళ్ల మధ్య పాతేస్తే, ఆస్పత్రి అవసరం వచ్చిన రాత్రి దాన్ని ఎవరూ కొనరు. కనీసం రెండేళ్ల ఖర్చు బ్యాంకులో, అడిగిన గంటలో చేతికొచ్చేలా ఉండాలి.

ఇంటి ఇల్లాలి సంగతి ఈ లెక్కల్లో ఎవరూ రాయరు. ఆయన విరమిస్తే ఆమెకు మధ్యాహ్నం వంట ఒకటి పెరుగుతుంది. ఆయన పోయాక పదేళ్లు బతకాల్సి వచ్చేదీ చాలాసార్లు ఆమే. నామినీ పేరు, పాలసీ కాగితాలు, పాస్‌వర్డు ఆమెకు తెలియని పొదుపు సగం పొదుపే.

కాబట్టి తేదీ పెట్టుకునే ముందు ఒక పని చేయండి. వచ్చే ఆదివారం ఇద్దరూ కూర్చుని నోట్‌బుక్కు తీసి పాలు, కరెంటు, మందులు, ఫీజులు, పండగలు, పెళ్లిళ్లకు పెట్టే కట్నాలు అన్నీ పన్నెండు నెలల పాటు రాయడం మొదలుపెట్టండి. ఊళ్లో ఉన్న అవ్వకూ బాపుకూ నెలకు ఎంత పంపాలో మొదటి పేజీలో మొదటి వరుసలో రాయండి.