గేటు దాకా వాళ్ళ పని, గేటు లోపల ఎవరి పని?



పది రోజులుగా మన వాట్సాప్ గ్రూపులో ఒకటే సంగతి నలుగుతా ఉంది. గుడియాత్తంలో మన సభ్యుడొకరు పెరట్లో పెట్టుకోవడానికి సిరామిక్ బార్బెక్యూ పొయ్యి తెప్పించినారు. అమెరికాలో ఉండే కొడుకు డబ్బు కట్టినాడు. ఫోటోలు చూసినాక, మన సంఘం హాలు వెనక ఖాళీ జాగాలో కూడా అట్లాంటిది ఒకటి పెడితే బాగుంటుందని కొందరు, దండగ ఖర్చని కొందరు. రెండు పక్షాలవాళ్ళూ "పార్సెల్ ఆఫీసులో పనిచేసినవారు కదా, మీరేమంటారు?" అని నన్ను అడిగినారు. గ్రూపులో ముక్కలు ముక్కలుగా రాస్తే మధ్యలో ఎవరో ఒకరు గుడ్ మార్నింగ్ బొమ్మ పెడతారు, చెప్పేది తెగిపోతుంది. అందుకే ఇక్కడ పొడుగ్గా రాస్తా ఉన్నాను. నా చదువంతా అరవంలోనే. తెలుగు అక్షరాలు కాట్పాడి నుంచి తిరుపతి లైన్లో స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నవి. పంతుళ్ళు కొంచెం ఓర్చుకోవాలి.

ముందు ఆ పొయ్యి ఏమిటో తెలియని వాళ్ళకు రెండు మాటలు. పెద్ద కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, పైసగం మూతలాగా తెరుచుకుంటుంది. జపాన్‌లో కమాడో అంటే పొయ్యి. మూతతో మూసి అన్నం వండే మట్టి పొయ్యి ఒకటి వాళ్ళకు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినాక అక్కడ ఉన్న అమెరికా సిపాయిలు ఆ రుచి మరిగి ఇంటికి తీసుకుపోయినారు. 1974లో అట్లాంటాలో ఎడ్ ఫిషర్ అనే ఆయన దాన్ని అమ్మడానికి అంగడి పెట్టినాడు. అదే తరువాత బిగ్ గ్రీన్ ఎగ్ అనే కంపెనీ అయింది. ఇప్పుడు అట్లాంటివి చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. సంగతంతా గోడ మందంలో ఉంది. మందమైన కాల్చిన మట్టి వేడిని పట్టి ఉంచుతుంది. కింద ఒక గాలి కంత, పైన ఒక గాలి కంత. రెంటినీ కొంచెం తెరిచినా మూసినా మంట మన మాట వింటుంది. కట్టెబొగ్గు కొంచెమే పడుతుంది. మన తందూరి పొయ్యికి దగ్గర చుట్టమే.

అందుకని ఇది అమెరికా వేషం, మనకెందుకు అనే వాదం నాకు ఎక్కదు. ఇంతకూ మనది అగ్గిపెట్టెల ఊరు. దేశానికంతా నిప్పు అంటించి, పెరట్లో నిప్పు వద్దంటే ఎట్లా? మాంసం తినని ఇళ్ళవాళ్ళు అడిగినారు, వాళ్ళకేం లాభమని. మన వేలూరు ముళ్ళ వంకాయకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. దాన్ని ఆ పొయ్యిలో కాల్చి పచ్చడి చేస్తే ఎట్లుంటుందో ఆలోచించుకోండి. ఒక్క మాట, కిరసనాయిలు పోసి మాత్రం అంటించకండి. మట్టి ఆ వాసన పీల్చుకుంటుంది, తరువాత ఏం వండినా కిరసనాయిలు కూరే.

కాబట్టి నాకు పొయ్యి మీద తగాదా లేదు. నా మాటంతా దాని బరువు గురించే.

ఆ కంపెనీ లార్జ్ అనే సైజు సుమారు 73 కిలోలు. దానికి పై సైజు సుమారు 100 కిలోలు. ఇది వట్టి పొయ్యి బరువు. స్టాండు, పక్క బల్లలు, పెట్టె, అడుగు చెక్కలు వేరే. ధర గురించి గ్రూపులో నూరు మెసేజులు వచ్చినాయి. రంగు గురించి వచ్చినాయి. బరువెంత అని ఒక్కరూ అడగలేదు. పార్సెల్ ఆఫీసులో ఇది తలకిందులు. పెట్టెలో బంగారం ఉందో బెండకాయ ఉందో తరువాత. ముందు తూకం. ఆ అంకె రాసినాకనే మనిషి చెయ్యి వేస్తాడు. బ్రేక్ వ్యానులో వేసే లగేజీ 100 కిలోలు దాటినా, మీటరు పొడవు, మీటరు వెడల్పు, 70 సెంటీమీటర్ల ఎత్తు మించినా దాన్ని బల్కీ అని లెక్కకట్టి ఎక్కువ వసూలు చేసేవాళ్ళం. ప్లాట్‌ఫారం మీద పోర్టర్ల రేట్ల బోర్డు చూసినారు కదా. తల మీద మోత అంటే 40 కిలోల దాకా, దానికింత కూలి అని రాసి ఉంటుంది. అంతకు మించితే బండి. ఆ బోర్డు రాసినవాళ్ళు పెద్ద దయగల వాళ్ళని నేను చెప్పను. అయితే మోసే మనిషికి ఒక హద్దు ఉందని ఒప్పుకున్నారు. మన ఇళ్ళ గేట్ల దగ్గర ఆ బోర్డు లేదు.

అందుకే అసలు చిక్కు గేటు దగ్గర వస్తుంది. ఆ సభ్యుడు ఒప్పుకున్నాకనే ఇది రాస్తా ఉన్నాను. వ్యాను వచ్చింది. ఇద్దరు పిల్లకాయలు పెట్టెను వీధిలో దించి సంతకం తీసుకుని పోయినారు. కాగితంలో డోర్ డెలివరీ అని ఉంది. డోర్ అంటే వీధి వాకిలి అని వాళ్ళు, కాదు పెరటి వాకిలి అని వీళ్ళు. ఆ పిల్లకాయలను తిట్టి లాభం లేదు. ఆ రోజుకి ఇంకా ఇరవై చోట్లకు పోవాలి వాళ్ళు. అట్లా నిర్ణయించినవాళ్ళు ఎక్కడో ఏసీ గదిలో ఉంటారు. వీధి నుంచి పెరటికి పక్క సందు ఒకటే దారి. వెడల్పు రెండున్నర అడుగులు, మధ్యలో మోరీ మీద కడప రాయి పరిచి ఉంది. మండీ దగ్గర నుంచి ఇద్దరు లోడ్‌మెన్లను పిలిచినారు (ఆంధ్రాలో హమాలీలంటారు). ఆటో ఆయన ఒకరు, పక్కింటి కుర్రవాడు ఒకడు చెయ్యి వేసినారు. గీతలు పడతాయేమోనని పెట్టె విప్పలేదు. బరువంతా ఒకేసారి సందులోకి పోయింది. మోరీ దగ్గర కడప రాయి కదిలింది. పెట్టె మూల దిగి పెద్ద లోడ్‌మెన్ పాదం మీద పడింది. రెండు వేళ్ళ ఎముకలు విరిగినాయి. ఆరు వారాలు కట్టు.

యజమాని మంచి మనిషి. ఎక్స్‌రేకి, మందులకు ఆయనే ఇచ్చినారు, రెండుసార్లు ఇంటికి పోయి చూసి వచ్చినారు. నా బాధ ఆయన మీద కాదు, మన అందరి మీద. ఆ సాయంత్రం గ్రూపులో వచ్చిన మెసేజులు నేను లెక్కపెట్టినాను. పొయ్యి పగల్లేదు కదా అని అడిగినవాళ్ళు పదకొండు మంది. పాదం ఎట్లుందని అడిగినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఆడకూతురు, మనిషి పేరు కూడా అడిగింది. మిగతా వాళ్ళకు ఆయన పేరు ఇప్పటికీ తెలియదు. రోజు కూలి మనిషికి ఆరు వారాలంటే ఏమిటో మనలో పెన్షన్ తీసుకునే వాళ్ళం మరిచిపోయినట్టున్నాం.

మన ఊళ్ళో వైకాసి ఒకటో తేదీ గంగమ్మ శిరస్సు ఊరేగింపులో అమ్మవారి తలను మోసే మనిషికి ఊరంతా పక్కకు జరిగి దారి ఇస్తుంది, అడుగడుగునా కొబ్బరికాయలు కొడుతుంది. మోసేవాడంటే గౌరవం మనకు తెలియంది కాదు. ఆ ఒక్క రోజుకే పరిమితం చేసుకున్నాం, అంతే.

దీనికి జవాబుగా నాకు ఫోన్లో వచ్చిన వాదాలు చెప్తాను. మొదటిది, వాళ్ళు అడిగిన కూలికి ఒప్పుకున్నాం, వాళ్ళూ ఒప్పుకున్నారు, ఇంకేమిటి అనేది. నిజమే. అయితే ఒప్పుకునేటప్పుడు బరువెంతో ఎవరు చెప్పినారు? "ఒక పెట్టె ఉంది, రెండు నిమిషాల పని" అని పిలిచినారు. రైల్వేలో ఎవడైనా 110 కిలోల పెట్టెను ఒక పెట్టె అని రాసి బుక్ చేస్తే ఆ కాగితం తిరిగి ఆయన చేతికే వచ్చేది.

రెండో వాదం కేరళ. ఇట్లా కూలీలను నెత్తిన పెట్టుకుంటే అక్కడ లాగా నోక్కుకూలి వస్తుందని ఒక అన్న భయపడినారు. చెయ్యి వేయకుండా నిలబడి చూసినందుకు కూలి అడగడం అక్కడ ఉండేది. దాన్ని 2018 మే 1 నుంచి ఆ ప్రభుత్వమే రద్దు చేసింది. చేయని పనికి కూలి ఇమ్మని నేను అడగలేదు. చేసిన పనికి, దానిలో ఉండే అపాయానికి లెక్క కట్టమంటున్నా. ఈ రెండింటికీ సంబంధం లేదు.

మూడోది నాకు నవ్వు తెప్పించింది. మన తాతలు ఇంతకంటే పెద్ద రుబ్బురోళ్ళు మోసినారు కదా అని. అయ్యా, రుబ్బురోలును ఎవరూ మోయలేదు. మన తెలుగు మాట్లాడే ఒడ్డె వాళ్ళు రాయి కొట్టి, రోలు చేసి, ఎద్దుబండిలో తెచ్చేవాళ్ళు. బండి వెనక గడ్డివామంత వరిగడ్డి వేసి దాని మీదికి దించేవాళ్ళు. అక్కడ నుంచి రోలును పక్కకు పడుకోబెట్టి, గడ్డపారతో సందు చేసి, దుంగల మీద దొర్లించేవాళ్ళు. తొందర లేదు. వంగి చేతులతో ఎత్తడమనే మాటే లేదు. ఆ రోజు మన ఇంట్లోనే వాళ్ళకు అన్నం. రోలు నున్నబడినాక గంట్లు కొట్టడానికి కూడా వాళ్ళే ఉలి పట్టుకుని వీధిలో అరుచుకుంటా వచ్చేవాళ్ళు. మన తాతల దగ్గర ఉన్న తెలివి బరువును ఎత్తకుండా కదిలించడం. దాన్ని వదిలేసి, వాళ్ళ పేరు చెప్పి మనిషి నడుము విరిచేది న్యాయమా?

1967లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ బరువుల మీద ఒక ఒడంబడిక చేసింది. దానితోపాటు ఇచ్చిన సూచనలో పెద్ద మగమనిషికి 55 కిలోలు హద్దు అని రాసింది. మేము ఉద్యోగంలో చేరిన కాలంలో నూరు కిలోల ధాన్యం మూటలు వీపు మీద దిగడం కళ్ళారా చూసినాము. ఇప్పుడు బియ్యం మూటైనా సిమెంటు మూటైనా 50 కిలోలే. కొన్ని దేశాల్లో సిమెంటు 25కి దిగింది. ఆ అంకె తగ్గడానికి ఎంతమంది నడుములు పోయినాయో ఏ రిజిస్టరులోనూ ఉండదు. తమిళనాట 1982లోనే శరీర కష్టం చేసే కార్మికుల కోసం చట్టం వచ్చింది, సంక్షేమ బోర్డు ఉంది. మన ఊరి లోడ్‌మెన్లలో దానిలో పేరు నమోదు చేసుకోని వాళ్ళు ఎందరో ఉన్నారు. మన సంఘంలో ఫారాలు నింపడం తెలిసినవాళ్ళకు కొదవ లేదు. పేరు మార్చడం మాత్రం సులభం. 2016 రైల్వే బడ్జెట్‌లో కూలీ అనే మాట తీసి సహాయక్ అన్నారు. పెట్టె బరువు అదే.

ఇక హాలు సంగతి. కొనండి, నేను వద్దనను. నా చందా కూడా ఇస్తాను. అయితే ఆదివారం సమావేశంలో తీర్మానం రాసేటప్పుడు పొయ్యి ధర పక్కన ఇంకో వరుస ఉండాలి. హాలు పక్క దారి వెడల్పు, మలుపు, మెట్లు ఆర్డరు ఇవ్వకముందే కొలవాలి. అమ్మేవాళ్ళు ఎక్కడిదాకా తెచ్చి దించుతారో కాగితం మీద రాయించుకోవాలి. పెట్టె వీధిలోనే విప్పాలి. లోపలి నిప్పు గిన్నె, వలయం, పలకలు, జల్లెడ విడివిడిగా తీసి ఒక్కొక్కటీ మోస్తే పెద్ద గుడ్డు బరువు బాగా తగ్గుతుంది. పక్క బల్లలను పట్టుకుని ఎత్తకూడదు, అవి దానికోసం చేసినవి కావు. మోరీల మీద మందం ప్లైవుడ్ పరచాలి. చక్రాల స్టాండు మీద పెట్టినాక దాన్ని తోయకూడదు, మెల్లగా లాగాలి. తోస్తే ముందు చక్రం రాయికి తట్టుకుని తలకిందులవుతుంది. నలుగురు మనుషులు, బూట్లు, చేతి తొడుగులు, ఒక ట్రాలీ. ఎండ నెత్తికెక్కకముందే పని అయిపోవాలి. బరువెంతో ముందే చెప్పి కూలి మాట్లాడాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే పనికి పోలేని రోజుల కూలి సంఘం ఇస్తుందని రాయాలి. దీనికి పొయ్యి ధరలో చిన్న భాగం కూడా కాదు.

అంత డబ్బు లేదంటే పొయ్యి చిన్న సైజు కొనండి. వంకాయకు చిన్నది చాలు.

ఆయన కట్టు విప్పడానికి ఇంకా మూడు వారాలు ఉంది. మిగిలిన రోజుల కూలి కోసం చందా పట్టీ కోశాధికారి గారి దగ్గర పెట్టినాను. నిన్న సాయంత్రానికి తొమ్మిది మంది రాసినారు. పేర్లు గ్రూపులో పెట్టవద్దని చెప్పినాను. ఆదివారం పది గంటలకు సమావేశం, టిఫిను ఉంది.