ఇంగ్లీషు పరుగు, తెలుగు నడక

ఆంగ్లభాషలో 'రన్' అను చిన్న క్రియ యొకటి కలదు. మన బడులలో దానికి 'పరుగెత్తు' అను నొక్క యర్థమును పిల్లలచే వల్లె వేయించి ముందునకు సాగిపోవుచున్నాము. కాని ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు సంపాదకులలో నొకడైన పీటర్ గిల్లివర్ ఆ యొక్క క్రియను పరిశీలించుటకే తొమ్మిది మాసములు వెచ్చించి, దానికి 645 అర్థచ్ఛాయలు కలవని తేల్చెను. అంతకు మున్ను, 1989 నాటి ముద్రణమున, 430 అర్థములతో 'సెట్' అనునది అగ్రస్థానమున నుండెను. ఒకచోట ఉంచుటను తెలుపు మాటను, కదలికను తెలుపు మాట యిట్లు దాటిపోవుటకు యంత్రయుగమే కారణమని కొందరు విజ్ఞులు చెప్పుదురు. ఆవిరియంత్రము మొదలు కంప్యూటరు వరకు పనిచేయునది యేదైనను ఆంగ్లేయునికి పరుగెత్తునదే యయ్యెను.

ఆ యంత్రములే మన యోరుగల్లునకును వచ్చినవి. కాజీపేటకు రైళ్లు వచ్చెను. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు వెలసెను. అయినను ఇచ్చటి జనులు వానితోపాటు ఆంగ్లేయుల క్రియను అరువు తెచ్చుకొనలేదు, తర్జుమా చేసికొననులేదు. బండి నడిచెను, మిల్లు నడిచెను. మగ్గము నడుచును, దుకాణము నడుచును, బడి నడుచును, సర్కారు నడుచును, కోర్టులో వ్యాజ్యము నడుచును. చేతిలో పైసలు లేని దినములలో సయితము సంసారము ఎట్లో నడుచును. ఇంగ్లీషు పరుగెత్తు చోట తెలుగు నడచుచున్నది. ఆజంజాహి మిల్లు మూతపడి రెండు దశాబ్దములు దాటినను, ఆనాటి కార్మికుల యిండ్లలో నేటికిని 'మిల్లు నడిచిన దినాలు' అనియే తలచుకొందురు. ఇది లోపము కాదు, పేదరికమును కాదు. ఒక జాతి తన చుట్టు కదలు ప్రపంచమును తనదైన కంటితో చూచి పెట్టుకొన్న పేరు.

నడచుటతోనే పని తీరలేదు. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరము చెరువుల క్రింది రైతును నీటిని గూర్చి యడిగి చూడుడు. కాలువలో నీరు పారును. చెరువు నిండినప్పుడు మత్తడి, అనగా అలుగు, దుంకును. కట్ట బలహీనమైనచో నీరు కారును. ఆంగ్లేయుడు ఈ మూడింటికిని తన చిన్న క్రియనే వాడగలడు. మన రైతు వాడజాలడు, ఏలయన పారు నీరు పంటకు ప్రాణము, కట్టనుండి కారు నీరు ఊరికి ప్రమాదసూచన. ఆ రెండింటికి ఒకే మాట యున్నచో నర్ధరాత్రి కట్టమీదినుండి వేసిన కేక ఎవరికి నర్థమగును? అట్లే ముక్కు కారును, బట్ట రంగు దిగును, తీగ పాకును, సినిమా ఆడును. ఇక ఎన్నికల మాట: అమెరికావారు పదవికై పరుగెత్తుదురు, బ్రిటనువారు నిలబడుదురు, మనవారును నిలబడుదురు.

నిజముగా కాళ్లతో పరుగెత్తుటకు మన ప్రాంతమున వాడుకలో నున్న క్రియ 'ఉరుకు'. కావ్యభాషలో దీనికి దుముకుట యను నర్థము ప్రసిద్ధము. తెలంగాణమున దుముకుటకు 'దుంకు' అను వేరు మాట యుండుటచే కాబోలు, ఉరుకు పరుగునకు స్థిరపడినది. 'పొల్లగాడు ఉరుకుతున్నడు' అని యింటిలో విన్న బాలుడు, బడిలో పుస్తకము 'పరుగెత్తుచున్నాడు' అనగానే తన తల్లి మాట తప్పని తలచి సిగ్గుపడును. ఈ సిగ్గుపైననే ప్రజాకవి కాళోజీ నారాయణరావు జీవితమంతయు పోరాడెను. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషాదినముగా జరుపుకొనుచున్నాము. సభలు జరుపుట మంచిదే, కాని పాఠ్యపుస్తకమున ఉరుకునకు చోటు కల్పించుట అంతకంటె మేలు.

నేడు మరియొక విపత్తు వచ్చిపడినది. 'బిజినెస్ రన్ చేస్తున్నాడు', 'మోటరు రన్ అవుతలేదు' అను వాక్యములు హనుమకొండ చౌరస్తాలో నేమి, పత్రికలలో నేమి, నిరంతరము వినబడుచు, కనబడుచున్నవి. ఆంగ్లపదములు వచ్చుటను నేను నిరసింపను. రైలు, మిల్లు, కోర్టు మనవే యైనవి. నామము వచ్చినప్పుడు సాధారణముగా దానితో నొక కొత్త వస్తువు వచ్చును. క్రియ వచ్చినప్పుడు కొత్త పని యేదియు రాదు, ఉన్న క్రియయే తొలగిపోవును. ఈ దోషము ఇంగ్లీషు నొక్కదానిదే యనుట న్యాయము కాదు. సమావేశమైనను, తనిఖీయైనను, హోటలైనను 'నిర్వహించు' అను నొక్క సంస్కృతజన్య క్రియతో సరిపుచ్చుకొను మన పాత్రికేయులును బాధ్యులే.

పర్యాయపదముల సంప్రదాయము మనకు లేకపోలేదు. అది నామములను వరించి క్రియలను ఉపేక్షించినది. అమరకోశమునకు అసలు పేరు నామలింగానుశాసనము. సూర్యునకును తామరకును పదికి మించిన పేర్లు అందు లభించును, నడచుటకు లభింపవు. చిన్నయసూరి బాలవ్యాకరణమున క్రియాపరిచ్ఛేదమును రచించెను గాని, అది రూపసిద్ధికి సంబంధించినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువులపై 1961లో గొప్ప గ్రంథము ప్రకటించిరి. వారి చేతిమీదుగనే మాండలిక వృత్తిపదకోశములలో వ్యవసాయ సంపుటము 1962లోను, చేనేత సంపుటము 1971లోను వెలువడినవి. ఆ బాటలో మరియొక యడుగు మిగిలియున్నది: క్రియలకే యంకితమై, ఏది ఎచ్చట చెల్లునో ప్రజల వాక్యములతో చూపు కోశము సామాన్యుని చేతి కందవలెను.

ఆ పనికి ఓరుగల్లు కంటె తగిన చోటు నాకు తోపదు. ఇచ్చటి నేతవాడయైన కొత్తవాడలో ఆసు పోయువారు, అచ్చు అతుకువారు ఇంకను ఉన్నారు. పత్తి ఏరుటకు, వరి కోయుటకు, పూలు తెంపుటకు గల భేదము తెలిసిన స్త్రీలు ప్రతి పల్లెలోను ఉన్నారు. 1904లో స్థాపితమైన శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము హనుమకొండలోనే కలదు. 1976లో నేర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయము ప్రక్కనే కలదు. తెలుగు శాఖాచార్యులు ఈ సంవత్సరమే తమ విద్యార్థులను మగ్గముల యొద్దకు, చెరువుకట్టల మీదికి పంపి, క్రియలను వాక్యములతో సహా వ్రాసికొని రమ్మని యాదేశింపవలెనని సవినయముగ కోరుచున్నాను. ఆ క్రియలను నోట నిలుపుకొన్న వృద్ధులు నానాటికి తగ్గిపోవుచున్నారు.