బోరు కాడి స్టార్టరు - బల్ల మీది రైలు

సైదాబాదు గదుల్లో ఉండి చదువుకునే మిత్రులకు మూసారాంబాగ్ మెట్రో స్టేషను కొత్త కాదు. మియాపూర్, ఎల్.బి. నగర్‌ల మధ్య రైళ్లు నిమిషాల ఎడంతో ఒకదాని వెంట ఒకటి పోతుంటాయి. ముందు రైలుకూ వెనుక రైలుకూ మధ్య ఎంత దూరం ఉండాలో క్షణక్షణం లెక్కగట్టేది ఒక ప్రోగ్రాము. ఆ లెక్క సరిగ్గా వస్తే చాలదు, వేళకు రావాలి. ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు అక్కడ తప్పు జవాబే. ఇటువంటి ప్రోగ్రాము రాయటం మనకు నేర్పుతున్నారా?

మన ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుల సంగతి దాచితే దాగేది కాదు. లైబ్రరీ పుస్తకాల లెక్క, హాస్టలు ఫీజుల లెక్క, కిరాణా బిల్లు. కొందరం రాస్తాం, కొందరం కొంటాం. బైండింగు మాత్రం అందరిదీ బాగుంటుంది! ఆ ప్రోగ్రాము మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెడతాం, ఎవరికీ ఏమీ కాదు. ఏమీ కాని చోట మాత్రమే నేర్చుకున్నవాడు, ప్రాణం పోయే చోట ఎలా రాస్తాడు?

మాది దేవరకొండ తట్టు ఊరు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు వ్యవసాయానికి కరెంటు ఎప్పుడొచ్చేది ఎప్పుడు పోయేది తెలిసేది కాదు. అందుకే ప్రతి బోరుకూ ఆటో స్టార్టరు. కరెంటు రాగానే మోటరు దానంతటదే నడుస్తుంది, రైతు రాత్రి నిద్ర దక్కుతుంది. ఒకనాడు కరెంటు లేని వేళ చూసి మా బాబాయి బోరు కాడ మోటరు వైరు అతుకు వేస్తున్నాడు. కరెంటు వచ్చింది. స్టార్టరు తన పని తాను చేసింది. బాబాయి బతికాడు గానీ కుడిచేతి రెండు వేళ్లు పోయినయి.

"తప్పు నాదే బిడ్డా, ఫీజు పీకలే" అంటాడు ఇప్పటికీ. నేను ఒప్పుకోను. అలసిన మనిషి మరిచిపోతాడని తెలిసే కదా ఆ యంత్రాన్ని చేసింది! అది అడిగే ప్రశ్న ఒక్కటే: కరెంటు ఉన్నదా? అక్కడ మనిషి ఉన్నాడా అని అడగటం దానికి ఎవరూ నేర్పలేదు.

రైల్వేవారు ఈ సంగతి ఏనాడో గ్రహించారు. పాత కాలపు చేయి సిగ్నలులో తీగ తెగితే, బరువు లాగి చేయి 'ఆగు' స్థితికే వచ్చేది. చెడిపోయినా క్షేమం వైపే చెడిపోవాలన్నది సూత్రం. నేటి 'కవచ్' అదే దారిలో పుట్టింది. డ్రైవరు బ్రేకు వేయకపోతే తానే వేస్తుంది. 2022 మార్చి 4న మన సికింద్రాబాదు డివిజనులో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య పరీక్షిస్తే, రైల్వే మంత్రి ఎక్కిన ఇంజను ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట ఆగింది. దాన్ని తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మన హైదరాబాదు సంస్థలే. ఈ చదువుకు ఉద్యోగాలెక్కడ అని అడిగే మిత్రులకు ఇదే నా జవాబు.

దీన్ని కాలేజీలో ఎలా నేర్పుతారంటారా? అమెరికాలో ప్లాట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ కళాశాలలో జాన్ మెకార్మిక్ అనే అధ్యాపకుడు బొమ్మరైలు పట్టాలు పరచి, వాటిని నడిపే ప్రోగ్రాములు విద్యార్థులచేత రాయించారు. సీ భాషలో రాసిన ఆరేళ్లలో ఒక్క జట్టు కూడా కనీసపు పని పూర్తి చేయలేకపోయింది. తప్పుల్ని ముందే పట్టిచ్చే అడా భాషకు మారిన మొదటిసారే దాదాపు సగం జట్లు పూర్తి చేశాయి. పిల్లలు మారలేదు, పనిముట్టు మారింది.

మనకూ ఒక బల్ల, గుండ్రటి పట్టా, రెండు బొమ్మ ఇంజన్లు, నాలుగు సెన్సార్లు చాలు. వార్షికోత్సవం పందిరి ఖర్చులో కొంత తగ్గించినా వస్తాయి. ఫిజిక్సువారు సెన్సార్లు చూడాలి, లెక్కలవారు ఆగే దూరం తేల్చాలి, కంప్యూటర్లవారు ప్రోగ్రాము రాయాలి. ఒక జట్టు రాస్తే ఇంకో జట్టు దాన్ని చెడగొట్టి చూడాలి. వైవా రోజున లెక్చరరుగారు చెప్పకుండా ఒక వైరు పీకాలి. రైళ్లు ఆగితేనే మార్కులు!

యూనియను పెద్దలు, అధ్యాపకులు, ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఈ సంవత్సరమే పూనుకోవాలని నా మనవి. ఆ బల్ల సిద్ధమైన నాడు మా బాబాయిని తీసుకొస్తాను. మొదటి వైరు ఆయనే పీకుతాడు.