అలసటను కొలిచే ప్రశ్నలు

మనసు ఎంతగా అలసిపోయిందో తెలుసుకోమంటూ రకరకాల ప్రశ్నావళులు నేడు ఫోన్ల ద్వారా ఇంటింటికీ చేరుతున్నాయి. గడులు నింపగానే ఒక అంకె వస్తుంది. దానిని చూసి కొందరు భయపడుతున్నారు, మరికొందరు నిశ్చింతగా ఉండిపోతున్నారు. ఆ అంకె ఎంతవరకు నమ్మదగినదో ఈ నెల పరిశీలిద్దాము.

వృత్తిభారం వలన కలిగే మానసిక అలసటను కొలవడానికి అమెరికాలో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో 22 అంశాల ప్రశ్నావళిని వెలువరించారు. మనసు డస్సిపోవడం, ఎదుటివారి పట్ల నిర్లిప్తత, తన పని సార్థకమైనదన్న తృప్తి అనే మూడింటిని అది కొలుస్తుంది. తరువాత అది అనేక భాషలలోకి వెళ్ళింది. డెన్మార్క్‌లో పరిశోధకులు దానిని వాడినప్పుడు, కొన్ని ప్రశ్నలు మరీ అమెరికా ధోరణిలో ఉన్నాయని జవాబు చెప్పేవారు అభ్యంతరపడ్డారు. కొందరికి కోపం కూడా వచ్చింది. ఆ పరిశోధకులు 19 ప్రశ్నలతో వేరొక ప్రశ్నావళిని రూపొందించి 2005లో ప్రచురించారు. అందులోని 6 ప్రశ్నలకు ఉద్యోగం లేనివారు కూడా జవాబు చెప్పవచ్చు. అమెరికా, డెన్మార్క్‌ల మధ్యనే ఇంత అంతరముంటే, మన ఇళ్ళ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన భాషనే తీసుకోండి. "నాకు ఓపిక లేదు" అని ఒక తల్లి అన్నదనుకుందాము. ఆమె ఒంట్లో సత్తువ లేదని చెబుతున్నదా, లేక సహనం నశించిందని చెబుతున్నదా? ఓపిక అన్న మాటకు రెండర్థాలూ ఉన్నాయి. తెలంగాణలో అదే తల్లి "శాతనైతలేదు" అనవచ్చు. అందులో నీరసమూ ఉంటుంది, జబ్బూ ఉంటుంది. శరీరానికి ఒక గడి, మనసుకు ఒక గడి కేటాయించిన కాగితంపై ఈ జవాబును ఎక్కడ వ్రాయాలి?

మాటను మించిన చిక్కు మర్యాదది. "మీరు విలువైన పనులెన్నో సాధించారా?" అని అడిగితే మన పెద్దలలో చాలామంది "అంతా అల్లాహ్ దయ, నాదేముంది" అంటారు. అది వినయం. ప్రశ్నావళి మాత్రం దానిని తృప్తి లేకపోవడంగా లెక్కిస్తుంది. అలసిపోయానని చెప్పడం సబ్ర్‌కు విరుద్ధమని తలచే గృహిణి "ఎన్నడూ లేదు" అన్న గడిని ఎంచుకుంటుంది. ఆమె భారం లెక్కలోకే రాదు.

అందువలన ఒక ప్రశ్నావళిని కొత్త సమాజంలోకి తెచ్చేటప్పుడు పరిశోధకులు కొన్ని పరీక్షలు పెడతారు. ఒకరు అనువదించిన దానిని, మూలం చూడని మరొకరు తిరిగి మూలభాషలోకి మారుస్తారు, తేడాలు బయటపడతాయి. పిదప కొందరు సామాన్యులను కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్న వారికి ఏమని అర్థమైనదో వారి మాటలలోనే చెప్పించుకుంటారు. తరువాత ఎక్కువమంది జవాబులు సేకరించి, ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని లెక్కకడతారు. ఇది ఒక్కటే చాలదు: అందరూ ఒకే విధంగా అపార్థం చేసుకున్నా లెక్క చక్కగానే కుదురుతుంది. అసలు పరీక్ష వేరు. ఒకే స్థాయిలో అలసిన ఇద్దరు, వారు ఏ దేశంవారైనా, ఒకే విధమైన జవాబు ఇస్తున్నారా? అది తేలకుండా రెండు సమాజాల సగటులను పోల్చడం ఒకరిని గజంతో, మరొకరిని మూరతో కొలిచి ఎవరు పొడుగో తీర్పు చెప్పడమే.

ఇది పండితుల చర్చ మాత్రమే కాదు. అలసట కనబడని ఇల్లాలికి విశ్రాంతి దొరకదు. మరోవైపు, మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నదని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. రక్తం తక్కువైన అలసటకు మనోవ్యాధి అని పేరు పెడితే చికిత్స దారి తప్పుతుంది. వృత్తిపరమైన ఈ అలసటను సైతం ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధిగా వర్గీకరించలేదు.

కనుక పాఠకులకు మా సలహా ఇది. ఫోన్‌లో వచ్చిన అంకెను తీర్పుగా భావించకండి. అలసట వారాల తరబడి తగ్గకపోతే వైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయించండి. మీ ఇంటి స్త్రీలను "అలసిపోయావా?" అని మాత్రమే అడగకండి, "లేదు" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయింది, అన్నం ఎప్పుడు తిన్నది, ఇంటిపనిలో ఎవరు చేయి కలిపారు అని అడగండి. ఆ పనిలో ఒకటి ఈ రోజే మీ చేతికి తీసుకోండి.