ముందు నీళ్లు, తర్వాతే విమానం

పాతకాలపు సీప్లేన్‌కి నకలు కట్టుకోవాలని ముచ్చటపడేవాళ్లు నా దగ్గరికొస్తే చెక్క గురించి అడుగుతారు, రెక్కల గుడ్డ గురించి అడుగుతారు, ఇంజన్ గురించి గంటలు గంటలు అడుగుతారు. "ఏ నీళ్ల మీద దింపుతారండీ?" అంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇంగ్లండ్‌లో విమానాల మరమ్మతు పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. అందుకని సూటిగానే చెబుతాను: ఎగిరే విమానం కట్టడం కష్టం. కట్టినదాన్ని ఏటా నాలుగు రోజులైనా నిజంగా ఎగరేసుకోవడం అంతకన్నా కష్టం. ఆ లెక్క తేలకుండా షెడ్డులో రంపం పట్టకూడదు.

విండర్‌మియర్ సరస్సు సంగతే చూడండి. 1911 నవంబర్ 25న కెప్టెన్ ఎడ్వర్డ్ వేక్‌ఫీల్డ్ చేయించిన 'వాటర్‌బర్డ్'ను హెర్బర్ట్ స్టాన్లీ ఆడమ్స్ ఆ నీళ్ల మీంచి లేపి, మళ్లీ ఆ నీళ్ల మీదే క్షేమంగా దించాడు. బ్రిటన్‌లో అలా జరగడం అదే మొదలు. మరుసటి మార్చిలో గాలివానకు హ్యాంగర్ కూలి విమానం తుక్కయింది. ఔత్సాహికులు కొందరు ఏళ్ల తరబడి తంటాలుపడి దాని నకలు కట్టించి, 2022లో అదే సరస్సు మీద ఎగరేశారు.

ఇందులో చెక్కపని ఎంతో, కాగితాల పని అంత. విండర్‌మియర్ మీద 2005 నుంచి పడవలకు గంటకు 10 నాటికల్ మైళ్ల వేగ పరిమితి అమల్లో ఉంది. ఆ వేగంతో సీప్లేన్ నీళ్లు వదిలి లేవదు. మినహాయింపు కావాల్సిందే. ఈ పేచీ కొత్తది కూడా కాదు. పీటర్ ర్యాబిట్ కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్, సరస్సు మీద ఈ విమానాలు వద్దని 1912లోనే పత్రికకెక్కింది. నేను విమానాల మనిషినే అయినా ఆవిడది ఉత్త చాదస్తమని అనను. ఒడ్డున ఉండేవాళ్లతో ముందే మాట్లాడుకోని ప్రాజెక్టు ఒక వేసవి కూడా నిలవదు.

ఇక నీళ్లు. సీప్లేన్‌కి బ్రేకులుండవు. ఇంజన్ అందుకున్న క్షణం నుంచీ కదులుతూనే ఉంటుంది, ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. వాటర్‌బర్డ్‌కి అమర్చిన 50 హార్స్‌పవర్ నోమ్ ఇంజన్‌కి సరైన థ్రాటిల్ కూడా లేదు, పైగా ఆముదం తాగి ఆ జిడ్డంతా వెనక్కి చిమ్మేది. దానితో రేవు దగ్గరికి రావడమెలాగో ఊహించుకోండి. నకలుకి కొత్త ఇంజన్ పెడితే అపచారమని గొణిగేవాళ్లున్నారు. నా లెక్కలో పెట్టకపోవడమే అపచారం. ఆకారం 1911ది కావచ్చు, లైఫ్ జాకెట్టూ ఇంజనూ మాత్రం ఈ కాలానివే ఉండాలి.

అద్దంలా నిశ్చలంగా ఉన్న నీళ్లు చూసి జనం మురిసిపోతారు. పైలట్‌కి అది గండం. పైనుంచి చూస్తే ఎత్తు అంచనా దొరకదు. లేచేటప్పుడు నీళ్లు ఫ్లోటుని, అంటే విమానాన్ని తేల్చే తొట్టిని, వదలవు. ఆ పట్టు తప్పించడానికే ఫ్లోటు అడుగున మెట్టు చెక్కుతారు. వాటర్‌బర్డ్‌కీ అది ఉండేది. అయినా కాస్త అల ఉంటేనే తేలిక. అల ఎక్కువైతే మళ్లీ ప్రమాదం. మా మేనమామ గోదావరి మీద లాంచీ సరంగు. ప్యాసింజర్లు కిక్కిరిసినా సరే, గాలి తిరిగిందని అనుమానం వస్తే తాడు విప్పేవాడు కాదు. యజమాని తిట్లు మౌనంగా భరించేవాడు. సీప్లేన్ పెట్టుకునేవాళ్లకి కావలసింది అలాంటి మొండితనం.

మిగతావి రోజువారీ చాకిరీ. పొద్దున్నే ఫ్లోట్లలో చేరిన నీళ్లు తోడాలి. సముద్రంలో దిగితే మంచినీళ్లతో కడగాలి. పక్కన ఆపద్బాంధవుడిలా ఒక పడవ ఉండాలి. ఇంగ్లండ్‌లో ఇంట్లో కట్టిన విమానానికిచ్చే పర్మిట్‌తో టిక్కెట్లమ్మి జనాన్ని తిప్పడం కుదరదు. కాబట్టి 'ఖర్చు అదే రాబట్టుకుంటుంది' అనే మాట ఎవరన్నా నమ్మకండి.

మన దగ్గర 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ముఖ్యమంత్రి చంద్రబాబు సీప్లేన్‌లో వెళ్లినప్పుడు ఇంగ్లండ్‌లోని తెలుగువాళ్లందరం సంబరపడ్డాం. అది నకలు కాదు, ట్విన్ ఆటర్. కంపెనీలో తయారైన విమానం. అయినా ప్రశ్నలు ఇవే. సబర్మతి నుంచి ఐక్యతా విగ్రహానికి 2020 అక్టోబర్ 31న మొదలైన సర్వీసు మరుసటి ఏడాదే ఆగిపోయింది. అందుకని అధికారులకు నా మనవి ఒక్కటే: తొలి సర్వీసు తేదీ ప్రకటించేముందు, వరద, గాలి, నీటిమట్టం చూసుకుని ఆ నీళ్ల మీద ఏడాదికి ఎన్ని రోజులు దిగవచ్చో లెక్క వేసి, ఆ లెక్కను జనం ముందు పెట్టండి.